పాత నోవాలో 5.3 ట్రక్కు ఇంజిన్: కొన్నేళ్లు నడిపాక నా సమీక్ష

పాత మజిల్ కారులో తక్కువ ఖర్చుతో ఏ ఇంజిన్ వేయాలని అమెరికాలో ఎవరినడిగినా దాదాపు ఒకటే జవాబు: "జంక్‌యార్డ్‌కి వెళ్లి 5.3 తెచ్చుకో." అంటే పాత జీఎం ట్రక్కుల్లోని 5.3 లీటర్ల వీ8. మాట నిజమే కానీ సగమే చెబుతారు. ఇంజిన్ చవక. దాన్ని కారులో కూర్చోబెట్టడానికి కావాల్సినవి చవక కాదు. కొన్నేళ్లుగా నా 1972 షెవ్రొలే నోవాను ఈ ఇంజిన్‌తోనే డాలస్ రోడ్ల మీద తిప్పుతున్నాను కాబట్టి మిగతా సగం కూడా చెబుతాను.

నాది ఎస్ఎస్ అనే స్పోర్టు రకం కాదు. 307 క్యూబిక్ అంగుళాల వీ8తో వచ్చిన మామూలు రెండు తలుపుల నోవా. ఆల్టర్నేటర్, ఫ్యాన్, సైలెన్సర్ అన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్కలో ఆ 307 శక్తి 130 హార్స్‌పవర్. ఆ ఏడాది నాలుగు బ్యారెల్ కార్బ్యురేటర్ ఉన్న 350కే 200 ఇచ్చారు. పేరుకి మజిల్ కారు, హైవే ఎక్కేటప్పుడు మాత్రం వెనక క్యామ్రీ హారన్ కొట్టేది.

307నే రీబిల్డ్ చేయిద్దామంటే మెషిన్ షాపు ఖర్చంతా పెట్టినా చివరికి చేతికొచ్చేది మళ్లీ 307నే. కొత్తగా పెట్టెలో వచ్చే జీఎం 350 క్రేట్ ఇంజిన్ అయితే ఉన్న మౌంట్ల మీదే కూర్చుంటుంది, ఉన్న గేర్‌బాక్స్‌కే తగులుతుంది. నెలకోసారి షోలకు తీసుకెళ్లే బండి అయితే నేనిప్పటికీ అదే వేయమంటాను. జీఎం వాళ్లదే మరింత కొత్త 430 హార్స్‌పవర్ ఎల్‌ఎస్3 ఇంజిన్ మీద మనసున్నా పర్సు ఒప్పుకోలేదు. నాకు కావాల్సింది ఆఫీసుకి, వారాంతాల్లో ఫ్రిస్కో గుడికి వెళ్లడానికి పనికొచ్చే బండి. జూలైలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడినా వేడెక్కకూడదు. జనవరి పొద్దున తాళం తిప్పగానే స్టార్ట్ అవ్వాలి. కార్బ్యురేటర్‌తో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు.

అందుకే 5.3. 1999 నుంచి 2007 దాకా సిల్వరాడో, సియెరా, టాహో, సబర్బన్‌లలో వచ్చిన ఎల్‌ఎం7 ఇది. 1997 కార్వెట్‌లో వచ్చిన ఎల్‌ఎస్1 కుటుంబమే, కాకపోతే బ్లాక్ అల్యూమినియం బదులు పోత ఇనుము. ఏడాదిని బట్టి 270 నుంచి 295 హార్స్‌పవర్. సిలిండర్ల పైన కూర్చునే హెడ్లు అల్యూమినియంవే కాబట్టి పాత 307 కన్నా ముందు చక్రాల మీద బరువు పెరగదు.

యార్డులో ఇంజిన్ కవర్ మీద రాసింది నమ్మకండి, విన్ (బండి గుర్తింపు) నంబరులో ఎనిమిదో అక్షరం చూడండి. 'టి' ఉంటే ఎల్‌ఎం7. 'వి' అంటే 4.8, 'యు' అంటే 6.0. 'జెడ్' ఇదే 5.3లో ఇథనాల్ కూడా తాగే రకం. 2007 తర్వాతి కొత్త తరం 5.3ల్లో చాలావాటికి, మైలేజీ కోసం నాలుగు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఉంటుంది. వాటిలో వాల్వులను ఎత్తే లిఫ్టర్లు పాడవడం అందరికీ తెలిసిన కథే. చవగ్గా వస్తోందని ఆశపడొద్దు. ఇంకొకటి, 706 అని పోత నంబరున్న హెడ్లలో ఒక కంపెనీ పోసినవి లోపల పగులుతాయి. కూలెంట్ బయటికి కారకుండానే తగ్గుతుంటుంది. ఆయిల్ మూత తీసి దాని లోపలి వైపు చూడండి. పాలమీగడలాంటి జిగురు కనిపిస్తే ఆ బండి వదిలేసి పక్క వరుసలోకి వెళ్లడమే.

ఇక డబ్బు. ఇంజిన్, నాలుగు గేర్ల 4ఎల్60ఈ ఆటోమేటిక్, కంప్యూటర్ కలిపి పదిహేను వందల డాలర్లలోపే వచ్చాయి. కారు రోడ్డెక్కేసరికి బిల్లు దానికి అయిదు రెట్లు దాటింది. అసలు కంటే కొసరు ఎక్కువ అంటారే, అచ్చం అదే.

మొదటి కొసరు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఆయిల్ పాన్. ట్రక్కు పాన్ లోతెక్కువ, నోవాలో ఇంజిన్ కింద అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది. ఇలాంటి ఇంజిన్ మార్పిడుల కోసమే చేసిన పొట్టి పాన్ కొనాల్సిందే. పాన్ మారిస్తే లోపల ఆయిల్ పీల్చే పికప్ ట్యూబూ మారుతుంది. ఇక్కడ కాస్త ఆగాలి. ఆ ట్యూబ్ పంపులోకి దూరే చోట ఒక చిన్న ఓ-రింగ్ ఉంటుంది, ట్యూబ్‌ని పట్టుకునేది ఒకే ఒక్క బోల్టు. ఓ-రింగుల్లో మందం తేడాలున్నాయి, రంగులూ వేరు. మీ ట్యూబుకి సరిపడేదే వేయాలి. ఆయిల్ రాసి, ట్యూబ్‌ని చేత్తో తిన్నగా లోపలికి నొక్కి, ఆ తర్వాతే బోల్టు బిగించాలి. బోల్టుతో లాగితే ట్యూబ్ ఒక పక్కకి వాలి రింగు నలుగుతుంది. అప్పుడు పంపు ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తుంది, బేరింగులు పోతాయి. కొద్ది డాలర్ల రబ్బరు ముక్క ఇంజిన్‌నే మింగేస్తుంది.

ట్రక్కు ఏసీ కంప్రెసర్ కింద కూర్చుంటుంది, నోవాలో ఫ్రేమ్‌కి తగులుతుంది. పైకి ఎత్తే బ్రాకెట్ విడిగా కొనాలి. ఏసీ వద్దనుకుంటే ఈ ఖర్చు మిగులుతుంది కానీ టెక్సాస్‌లో ఆ సలహా నేనివ్వను.

కార్బ్యురేటర్‌కి పెట్రోలు ఆరేడు పీఎస్ఐ ఒత్తిడితో వస్తే చాలు, ఈ ఇంజిన్‌కి 58 కావాలి. పంపుని ఫ్రేమ్‌కి బయట బిగించడం చవకే, కానీ ఎండకి వేడెక్కి రొద పెడుతుంది. ట్యాంకులోనే పంపున్న కొత్త ట్యాంకు తీసుకున్నాను, ఇప్పటిదాకా సద్దు లేదు. 1999-2003 కార్వెట్ ఫ్యూయల్ ఫిల్టర్‌లోనే ప్రెషర్ రెగ్యులేటర్ కూడా ఉంటుంది కాబట్టి దాన్ని ట్యాంకు దగ్గరే పెట్టేస్తే మిగిలిన పెట్రోలు వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు ఇంజిన్ దాకా లాగక్కర్లేదు. ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన చిట్కా ఇదే.

వైరింగ్ మాత్రం తల తినేసింది. ఆన్‌లైన్‌లో కొన్న హార్నెస్‌లో (వైర్ల కట్టలో) క్యామ్ సెన్సర్ వైరు ఇంజిన్ ముందుకు వచ్చేలా ఉంది. అది కొత్త తరం ఇంజిన్ పద్ధతి, ఎల్‌ఎం7కి ఆ సెన్సర్ వెనక ఉంటుంది. అమ్మినవాళ్లు మార్చడానికి నానా తిప్పలు పెట్టారు. మీరు ఆర్డర్ ఇచ్చేటప్పుడు క్రాంక్ రిలక్టర్ (ఇంజిన్ తిరుగుడుని సెన్సర్ చదివే పళ్ల చక్రం) 24 పళ్లదా, 58 పళ్లదా అని వాళ్లే అడగకపోతే ఆ దుకాణం వద్దు. మనది 24. కంప్యూటర్‌లో దొంగతనం నిరోధక కోడ్ తీయించకపోతే ఇంజిన్ స్టార్టయిన రెండు సెకన్లకే ఆగిపోతుంది. చాలామంది ఇక్కడే పంపు పోయిందనుకుని టెన్షన్ పడతారు.

నడపడం సంగతి చెప్పనే లేదు. నా వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.08. పాత మూడు గేర్ల పెట్టెతో 70 మైళ్ల వేగంలో ఇంజిన్ నిమిషానికి 2,800 చుట్ల దగ్గర అరిచేది. ఇప్పుడు నాలుగో గేరు 0.70 ఓవర్‌డ్రైవ్‌తో 2,000 లోపే. పక్కనున్నవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడొచ్చు. హైవే మీద మైలేజీ గ్యాలన్‌కి 20 మైళ్ల దాకా వస్తోంది, 307తో 14 దాటిన గుర్తు లేదు. బండి ఆగి ఉన్నచోటి నుంచి గట్టిగా తొక్కితే వెనక టైరు కూస్తుంది కూడా.

శబ్దం దగ్గర మాత్రం పాతకాలపు షెవీ ప్రేమికులు మొహం చిట్లిస్తారు, వాళ్లని తప్పుపట్టను. పాత షెవీ స్మాల్ బ్లాక్ వీ8 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-8-4-3-6-5-7-2, దీనిది 1-8-7-2-6-5-4-3. ఆ గుడగుడ దీనికి పూర్తిగా రాదు. మంచి మఫ్లర్లు వేసినా లోపల ట్రక్కు ఉందని చెవి పట్టేస్తుంది.

ఇన్నేళ్లలో పాడైనవి తక్కువే, అవీ ఈ ఇంజిన్‌కి అలవాటైనవే. హెడ్ చివర ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు తల తెగింది. చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్ అని, వేడెక్కాక ఆగితే అదే. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ ఒకసారి సున్నా చూపించి గుండె ఆపినంత పని చేసింది, సెన్సర్ మార్చితే సరిపోయింది. పొద్దున్నే వినిపించే మెత్తని తకతక పిస్టన్లది. కాస్త వేడెక్కగానే పోతుంది, దానికి భయపడి ఇంజిన్ విప్పించొద్దు. ఇంజిన్‌లో తేడా మంటని పసిగట్టే నాక్ సెన్సర్లు ఇన్‌టేక్ కింద ఉంటాయి, అక్కడ నీరు నిలిచి తుప్పు పడతాయి. ఇంజిన్ బయట ఉన్నప్పుడే రెండూ కొత్తవి వేసేయండి.

రిజిస్ట్రేషన్ దగ్గర ఇబ్బంది లేదు. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన కారుకి పొగ పరీక్ష అక్కర్లేదు, కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి మినహాయింపు ఉంది. మీది 1978 కమారో అయి మీరు కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం ఇంజిన్ కొనకముందే అక్కడి నియమాలు చదవండి. కారు, ఇంజిన్ ఫ్యాక్టరీ నంబర్లు కలిసే అసలు ఎస్ఎస్ చేతిలో ఉంటే ఈ పని అస్సలు వద్దు, కారు విలువే పోతుంది.

మళ్లీ ఇంకో నోవా కొంటే ముందు వెతికేది విన్‌లో 'బి' ఉన్న 2005-07 ట్రక్కు. అది ఎల్33, అల్యూమినియం బ్లాక్ 5.3, 310 హార్స్‌పవర్. యార్డులో అరుదుగా తగులుతుంది, తగిలితే బేరం ఆడకుండా తీసుకుంటాను. దొరక్కపోతే మళ్లీ ఈ ఇనుప ఎల్‌ఎం7నే.