వీడియో సూపర్‌విజన్ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

ట్రైనీ థెరపిస్టులూ, జాగ్రత్త. సూపర్‌విజన్ గంటల్ని, అంటే మన క్లయింట్ల గురించి అనుభవమున్న థెరపిస్టుతో మాట్లాడి సలహా తీసుకునే గంటల్ని, ఆన్‌లైన్‌లో ప్యాకేజీగా అమ్మే ఒకావిడ దగ్గర చేరి ఇప్పుడే బయటికొచ్చాను. పేరు రాయను. ఆవిడ ప్రకటనలు మీలో చాలామంది చూసే ఉంటారు. డబ్బంతా ముందే కట్టించుకున్నారు. విడిగా ఒక్కొక్కరికీ ఇస్తామన్న గంటల్లో చాలావాటిని గ్రూపులో కలిపేశారు. అదంతా ఓర్చుకున్నాను. నిన్న జరిగింది మాత్రం తలుచుకుంటే ఇంకా చేతులు వణుకుతున్నాయి.

నా క్లయింట్ ఒకరు తనకు చనిపోవాలనిపిస్తోందని మొదటిసారి నోరు విప్పి చెప్పారు. ఎలాగో ఆలోచించుకున్నారా, అందుకు కావలసింది చేతికి అందేలా ఉందా, కష్టంగా ఉన్నప్పుడు పక్కన ఎవరుంటారు అని అడిగాను. ఆ ఆలోచన మళ్లీ వస్తే ఏం చేయాలో, ఎవరి సాయం అడగాలో ఇద్దరం కూర్చుని సేఫ్టీ ప్లాన్‌గా రాసుకున్నాం. ఏదైనా వదిలేశానేమోనన్న టెన్షన్‌తోనే మేడమ్‌తో వీడియోకాల్‌లో కూర్చున్నాను. నేను చెప్తున్నంతసేపూ ఆవిడ చూపు పక్క స్క్రీన్ మీదే ఉంది. ఊఁ కొట్టడమే తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు.

కాల్ అయిన కాసేపటికి మీటింగ్ నోట్స్ అని మెయిల్ వచ్చింది. ఆవిడ పెట్టుకున్న ఏఐ నోట్‌టేకర్ మా మాటలన్నీ రాసేసి, ఆ మీటింగ్ ఇన్వైట్‌లో ఉన్న అందరికీ పంపించింది. ఆవిడ పాత ఇన్వైట్‌నే మళ్లీ వాడారు కాబట్టి ఆ కాల్‌లో లేని ట్రైనీలకు కూడా వెళ్లింది. నా క్లయింట్ చేసే ఉద్యోగం, విడాకుల గొడవ, చావు గురించి అన్న మాటలు, అన్నీ అందులో ఉన్నాయి.

వెంటనే ఫోన్ చేశాను. "పేరు లేదుగా, ఎందుకంత రాద్ధాంతం? అందరూ మనవాళ్లే" అన్నారు. పేరు లేకపోతే ఏంటండీ? ఆ ఉద్యోగం, ఆ కుటుంబ పరిస్థితి చదివితే తెలిసినవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు. అందరికీ డిలీట్ చేయమని రాయండి అని బతిమాలితే, "నీకు ఈ వృత్తికి కావలసిన గట్టి మనసు లేదు" అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశారు. పూర్తిచేసిన గంటలకు సంతకం చేసిన లెటర్ కూడా ఇవ్వలేదు.

రికార్డింగే తప్పని నేను అనడం లేదు. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1940ల్లోనే సెషన్లు రికార్డు చేసి శిక్షణకు వాడారు. సెషన్‌లో ఏం జరిగిందో మన జ్ఞాపకం కన్నా టేపే సరిగ్గా చెప్తుంది. కానీ నా క్లయింట్ ఒప్పుకున్నది నేను నా సూపర్‌వైజర్‌తో మాట్లాడటానికి. ఎవరిదో సర్వర్‌లో ఆ మాటలు దాచిపెట్టడానికి, ముక్కూమొహం తెలియనివాళ్లు చదవడానికి ఎప్పుడు ఒప్పుకున్నారు? జరిగింది రేపు సెషన్‌లో నేనే చెప్పాలి. ఇంత ప్రమాదంలో ఉన్న మనిషి, నా మీద నమ్మకం పోయి రావడం మానేస్తే ఆ బాధ్యత ఎవరిది?

నా శిక్షణ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, మెయిల్ కాపీ జతచేశాను.

మీరెవరైనా చేరబోతుంటే డబ్బు కట్టకముందే ఒప్పందం కాగితం మీద అడగండి: ఎన్ని గంటలు విడిగా, ఎన్ని గ్రూపులో, నోట్స్ ఎవరు రాస్తారు, ఎక్కడ ఉంటాయి, ఎప్పుడు చెరిపేస్తారు, క్లయింట్‌కు ప్రమాదం ఉన్నప్పుడు మధ్యలో ఫోన్ ఎత్తుతారా. కాల్ మొదలవగానే పార్టిసిపెంట్ల జాబితా తెరిచి చూడండి. అందులో నోట్‌టేకర్ కనిపిస్తే, దాన్ని తీసేసేదాకా క్లయింట్ గురించి నోరెత్తకండి.