ఆరేళ్లుగా నా బల్ల మీద ఉన్న ఉల్క ముక్క: మూనియోనలుస్టా

ఉత్తర స్వీడన్‌లో 1906లో మొదటిసారి దొరికిన మూనియోనలుస్టా ఇనుప ఉల్కలో ఒక ముక్క 2019లో కొన్నాను. 62 గ్రాములు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దీని అందం గురించి చెప్పుకునేదంతా నిజమే. త్వరగా తుప్పు పడుతుందన్నదీ నిజమే.

పొద్దున కిటికీ దగ్గర పట్టుకుంటే దారప్పోగుల్లాంటి వెండి గీతలు అడ్డదిడ్డంగా దాటుకుంటూ త్రికోణాలు కడతాయి. కొంచెం తిప్పితే అప్పటిదాకా మెరిసిన గీత నల్లబడి, పక్కది వెలుగుతుంది. ఈ ఉల్కలో ఇనుము-నికెల్ మిశ్రమాలు రెండున్నాయి. కోసిన ముఖానికి ఆమ్లం పట్టిస్తే, నికెల్ తక్కువున్న కామసైట్‌ను అది త్వరగా తినేస్తుంది, నికెల్ ఎక్కువున్న టీనైట్ గట్టులా మిగులుతుంది. ఆ రెండూ ఇలా విడిపడాలంటే లోహం లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లారాలి. ఏ కొలిమికీ అంత ఓపిక లేదు.

రెండో వానాకాలానికే అంచుల్లో గోధుమరంగు చుక్కలు మొదలయ్యాయి. అమ్మినవాళ్లు జవాబే ఇవ్వలేదు. వాటర్ పేపర్‌తో రుద్దితే తుప్పుతోపాటు గీతలూ పోయి, మామూలు ఇనుప రేకులా తయారైంది. ఆ రోజు అన్నం సహించలేదు. హైదరాబాద్ కోఠీలో, సర్క్యూట్ బోర్డులకు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చి ముంచాను. కాసేపటికి ఒక మూల నుంచి గీతలు పైకి తేలడం మొదలుపెట్టాయి. అవి పైపూత కాదు, ముక్క లోపలంతా ఉన్నాయి!

కానీ పగుళ్లలో మిగిలిన క్లోరైడ్ వల్ల రెండు నెలల్లో మళ్లీ తుప్పు. ఈసారి మెటలర్జీ ల్యాబ్‌లో పనిచేసే స్నేహితుడు ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ ఆమ్లంతో చేసిచ్చాడు (ఇంట్లో ఈ పని వద్దు). 1804లో నేపుల్స్‌లో విలియమ్ థామ్సన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త కూడా ఉల్క తుప్పు వదిలించడానికి నైట్రిక్ ఆమ్లం వాడబోయి ఈ గీతలు చూశాడు. ఆ తర్వాత నాలుగేళ్లకు వియన్నాలో వీటిని చూసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త విడ్మన్‌స్టాటెన్ పేరే వీటికి నిలిచింది.

ఒకప్పుడు పేరుపొందిన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుతో చేసిన కత్తుల మీది అలలు కూడా ఆమ్లం తగిలితేనే బయటపడతాయి. అయితే అక్కడ గీసేది నికెల్ కాదు, ఇనుము, కార్బన్ కలిసిన కార్బైడ్ వరసలు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎంతో ఆశ.

ఇప్పుడు నెలకోసారి కుట్టుమిషన్ నూనె రాసి, సిలికా జెల్‌తో గాలి చొరని డబ్బాలో పెడుతున్నాను. మూడేళ్లుగా ఒక్క చుక్క లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లు మాత్రం నమీబియాలో దొరికిన గిబియాన్ ఇనుప ఉల్క ముక్క చూసుకోండి, తుప్పుకు బాగా తట్టుకుంటుంది. అది చట్టప్రకారం బయటికొచ్చిన పాత సేకరణలోదో కాదో అడిగి మరీ కొనండి.