మార్సేయ్‌కు నాలుగు గంటలు చాలవు: నెల్లూరు నుంచి వెళ్ళివచ్చిన ఒక కుటుంబం సమీక్ష

నెల్లూరులో మా వీధిలోనే ఉండే దంపతులు ఐరోపా ప్యాకేజీలో వెళ్ళి వచ్చి, దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సేయ్ గురించి అడిగిన వారందరికీ ‘ఒక చర్చి, ఒక రేవు, అంతకు మించి ఏమీ లేదు’ అని చెబుతూ వచ్చారు. వారికి ఆ ప్యాకేజీ అమ్మిన సంస్థ ఇచ్చిన కార్యక్రమ పత్రాన్ని తీసుకొని చూస్తే, ‘మార్సేయ్ పూర్తి సందర్శన’ అని అచ్చు వేసిన పంక్తికి ఎదురుగా నాలుగు గంటలు కేటాయించి ఉంది; అందులోనూ ఒక గంట భోజనానికి పోతుంది. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకు నావికులు స్థాపించిన, జనాభాలో ఫ్రాన్స్‌లో పారిస్ తరువాతి స్థానంలో ఉన్న నగరాన్ని మూడు గంటల్లో చూపిస్తామనడం నాకు సబబుగా తోచలేదు. అందువల్ల గత మే నెలలో నేను, నా భార్య, అరవై ఏడేళ్ళ మా అత్తగారు సొంతంగా వెళ్ళి అయిదు రాత్రులు అక్కడే ఉండి వచ్చాము. ఈ సమీక్ష ఆ అయిదు రోజుల అనుభవం మీద రాస్తున్నది.

పారిస్ నుంచి వేగవంతమైన రైలులో మార్సేయ్ చేరడానికి సుమారు మూడున్నర గంటలు పట్టింది. సెయింట్ షార్ల్ స్టేషను గుట్ట మీద ఉంది. బయటికి రాగానే నగరమంతా కిందికి పరచుకొని కనిపిస్తుంది. అక్కడి నుంచి కిందికి దిగే 104 మెట్లు ఫోటోలకు ఎంతో బాగుంటాయి గాని, మోకాళ్ళ నొప్పులున్న వారు వాటి జోలికి పోకుండా స్టేషను కిందనే ఉన్న మెట్రో ఎక్కితే రెండో స్టేషనులోనే పాత రేవు వస్తుంది. బస్సు, ట్రామ్, మెట్రోలతో పాటు మ్యూజియాలు, ఒక ద్వీపానికి పడవ ప్రయాణం కూడా కలిసి ఉండే సిటీ పాస్ ఒకటి ఒకరోజుకు, రెండు రోజులకు, మూడు రోజులకు దొరుకుతుంది. మేము మూడు రోజులది తీసుకున్నాము. రోజుకు రెండు మ్యూజియాలైనా చూడాలనుకునేవారికి అది లాభమే. మా అత్తగారిలా రేవు గట్టు మీద బెంచీలో కూర్చొని పడవలను చూస్తేనే తృప్తి పడేవారికి మాత్రం విడి టిక్కెట్లు చాలు.

ఆ రేవునే ముందుగా చెప్పాలి. పాత రేవు నగరానికి నడిబొడ్డున, మూడు వైపులా ఇళ్ళు, ముందు వైపు సముద్రపు నోరు ఉన్న నీటితో నిండిన ఒక దీర్ఘచతురస్రం. పెద్ద ఓడలన్నీ ఎప్పుడో ఉత్తరపు కొత్త రేవుకు తరలిపోగా, ఇక్కడ వందలాది తెరచాప పడవలు, చిన్న చేపల పడవలు మిగిలాయి. పొద్దున పూట గట్టు మీద కొద్దిమంది జాలరులు నీలిరంగు తొట్లలో రాత్రి పట్టిన చేపలను పెట్టుకొని అమ్ముతారు. అమ్మేవారిలో ఆడవారే ఎక్కువ, అరుపుల్లోనూ వారిదే పైచేయి. మా నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలో పడవ గట్టుకు చేరగానే తట్టల చుట్టూ మూగే జనాన్ని చూసి పెరిగిన వారికి ఇక్కడ పరాయి దేశంలో ఉన్నామన్న బెరుకు ఒక్కసారిగా పోతుంది. దాని పక్కనే వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ 2013లో నిర్మించిన ఉక్కు పందిరి ఉంది. దాని అడుగు భాగాన్ని అద్దంలా మెరుగుపెట్టడం వల్ల కింద నడిచే మనుషులందరూ తలకిందులుగా పైన కనిపిస్తారు. పిల్లలున్న కుటుంబాలు అక్కడ అరగంట తప్పక నిలబడిపోతాయి. మేము పిల్లలు లేకుండానే నిలబడ్డాము.

రేవు నుంచి 60వ నంబరు బస్సు ఎక్కితే, నగరంలో ఎటు నుంచి చూసినా కనిపించే నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చి దగ్గర దించుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 150 మీటర్ల ఎత్తున్న సున్నపురాతి గుట్ట మీద కట్టిన ఈ చర్చిని 1864లో ప్రతిష్ఠించారు. గోపురం మీద బంగారు పూతతో మెరిసే మేరీమాత విగ్రహం ఎత్తు పదకొండు మీటర్లకు పైనే. ఊరివారు దీనిని చర్చి పేరుతో పిలవరు, ‘మంచి తల్లి’ అని అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. లోపల నన్ను ఎక్కువసేపు నిలిపినవి గోడల నిండా ఉన్న మొక్కుబడి పలకలు, పైకప్పు నుంచి దారాలకు వేలాడదీసిన చిన్న చిన్న ఓడ బొమ్మలు. తుపానులో బయటపడిన నావికులు, జబ్బు నయమైన వారు, యుద్ధం నుంచి తిరిగి వచ్చిన వారు చెల్లించుకున్న మొక్కులవి. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగనాడు కోరిక తీరిన వారు రొట్టె తెచ్చి, కోరిక ఉన్న వారికి అందించే దృశ్యం చూసిన మనకు ఈ ఓడ బొమ్మల భాష విడమర్చి చెప్పనక్కరలేదు. మా అత్తగారు చెప్పులు బయట విడవాలేమోనని గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించారు. ప్రవేశం ఉచితం. బస్సు దిగిన తరువాత కూడా మెట్లున్నాయన్న సంగతి మాత్రం ముందే తెలుసుకోవాలి.

మూడో రోజు, నగరం ఎదుటి ద్వీపం మీదున్న ఇఫ్ కోట చూడాలని పడవ దగ్గరికి వెళ్ళగా, గాలి ఎక్కువగా ఉన్నందున ఆ ద్వీపం దగ్గర పడవను నిలపలేమని చెప్పారు. ఆ గాలి పేరు మిస్త్రాల్. రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి దూసుకువచ్చే ఈ గాలి మబ్బులను తరిమివేసి ఆకాశాన్ని గాజులా చేస్తుంది. నగరానికి ఏడాదిలో అంత ఎండ దక్కడానికి అదీ ఒక కారణమే. ఎండ చూసి మోసపోయి పలుచని బట్టలతో బయలుదేరితే మాత్రం వణుకు తప్పదు. మే నెలంటే రోహిణి కార్తె అని లెక్కవేసుకొని స్వెట్టరు ఇంట్లోనే వదిలివచ్చిన నేను అక్కడ ముప్పై అయిదు యూరోలు పెట్టి ఒకటి కొనవలసి వచ్చింది. అందుకే ద్వీపం కార్యక్రమాన్ని చివరి రోజుకు అట్టిపెట్టుకోకుండా మొదటి రోజే పెట్టుకోవాలని నా సలహా.

మరునాడు గాలి తగ్గింది, పడవ ఇరవై నిమిషాల్లో చేర్చింది. ఇఫ్ కోటను అలెగ్జాండర్ డ్యూమా నవలలోని ఖైదీ కోసమే జనం చూడవస్తారు. ఆ ఖైదీ కల్పిత పాత్ర అయినా కోటలో అతని గది అంటూ ఒకటి చూపిస్తారు. నాకు అంతకంటే రుచించిన కథ ఒక ఖడ్గమృగానిది. గుజరాత్ సుల్తాను పోర్చుగీసు వారికి కానుకగా ఇచ్చిన ఆ జంతువు 1515లో లిస్బన్ చేరింది. పోర్చుగల్ రాజు దానిని మళ్ళీ రోములోని పోప్‌కు కానుకగా పంపుతుండగా, 1516 మొదట్లో ఓడ మార్సేయ్ ఎదుటి ద్వీపం దగ్గర ఆగింది. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్స్వా స్వయంగా వచ్చి దానిని చూసి వెళ్ళాడు. ఓడ తరువాత ఇటలీ తీరంలో మునిగిపోయింది, పాపం ఆ మూగజీవి గొలుసులతోనే పోయింది. ఆ రాజే ఆ తరువాత 1524లో ఈ ద్వీపం మీద కోట కట్టడం మొదలుపెట్టించాడు. మన దేశపు జంతువు అడుగు పెట్టిన చోటు అని చెప్పగానే, అప్పటిదాకా ‘ఈ రాళ్ళలో ఏం చూడాలి’ అన్న ధోరణిలో ఉన్న మా అత్తగారు లేచి గోడల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చారు.

భారతీయులు ఈ రేవును చూసే చూపు వేరుగా ఉండడానికి ఇంకా కారణాలున్నాయి. 1910 జూలై 8న బ్రిటిష్ వారు బందీగా తీసుకువస్తున్న సావర్కర్ మోరియా అనే ఓడ కిటికీ నుంచి దూకి ఈదుకుంటూ ఈ రేవు ఒడ్డుకే చేరాడు. ఫ్రెంచి పోలీసులు పట్టి తిరిగి అప్పగించడంతో ఆ వివాదం హేగ్‌లోని అంతర్జాతీయ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళింది. 1914 సెప్టెంబరు చివరలో మొదటి ప్రపంచ యుద్ధానికి వచ్చిన భారత సైనికులు ఐరోపా నేల మీద మొదట దిగినది ఇక్కడే. 1931 సెప్టెంబరులో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళుతూ గాంధీజీ ఓడ దిగినదీ ఇక్కడే. నగరానికి దక్షిణాన మజార్గ్ అనే చోట ఉన్న యుద్ధ శ్మశానవాటికలో ఆ భారత సైనికుల స్మారకం ఉంది. బస్సులో వెళ్ళి, శుభ్రంగా కత్తిరించిన పచ్చిక మధ్య ఆ రాళ్ళ మీద చెక్కిన పేర్లు చదువుకుంటూ మేము గంటసేపు గడిపాము. మేమున్నంతసేపూ మరో సందర్శకుడు రాలేదు. ఏ ప్యాకేజీలోనూ కనిపించని ఈ చోటును మన వారెవరు వెళ్ళినా వదలకూడదని నా గట్టి అభిప్రాయం.

మ్యూజియాల విషయంలో నేను అంత ఉత్సాహంగా చెప్పలేను. 2013లో తెరిచిన ముసెమ్ అనే మధ్యధరా నాగరికతల మ్యూజియం భవనం, జాలరి వలను కాంక్రీటులో పోతపోసినట్టుండే దాని తొడుగు, అక్కడి నుంచి సముద్రం మీదుగా పాత కోటకు కట్టిన సన్నని నడక వంతెన అద్భుతంగా ఉన్నాయి. లోపలి ప్రదర్శన నన్ను అంతగా పట్టి ఉంచలేదు. వంతెన మీద, కోట తోటల్లో తిరగడానికి టిక్కెట్టు అక్కరలేదు కనుక సాయంత్రం అక్కడికి పోయి కూర్చోవడమే ఉత్తమం. మంగళవారం మ్యూజియానికి సెలవు. దాని వెనుక ఉన్న పనియే అనే పాత పేట సందులు, రంగుల తలుపులు చూడముచ్చటగా ఉంటాయి. 1943లో జర్మన్లు రేవు ఒడ్డునున్న పాత ఇళ్ళను పేల్చివేశారని తెలిశాక మాత్రం, ఆ సందుల కింద రేవు వైపున ఒకే తీరుగా నిలిచిన భవనాలు అలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. చండీగఢ్‌ను రూపొందించిన ల కార్బూజియే 1952లో పూర్తి చేసిన నివాస భవనం కూడా ఇక్కడే ఉంది, వాస్తుకళ మీద ఆసక్తి లేనివారు దానిని వదిలేయవచ్చు.

కలాంక్ అని పిలిచే తెల్లని సున్నపురాతి కొండల మధ్య సముద్రపు పాయలు నగరాన్ని ఆనుకొనే ఉన్నాయి. 2012లో వాటిని జాతీయ పార్కుగా ప్రకటించారు. నడక దారులు రాళ్ళమయం, నీడ తక్కువ. పెద్దవారు రేవు నుంచి పడవలో వెళ్ళి చూసి రావడమే మేలు. వేసవిలో అగ్ని ప్రమాదం భయంతో దారులు మూసివేసే రోజులుంటాయి, సుగితోన్ అనే పాయకు వేసవి రద్దీ రోజుల్లో ముందుగా ఉచిత రిజర్వేషను తప్పనిసరి.

ఇక భోజనం. నెల్లూరు వారికి చేపల మీద తీర్పు చెప్పే అధికారం పుట్టుకతోనే వస్తుందని మా ఇంట్లో నమ్మకం కనుక, ఈ నగరపు పేరుమోసిన బూయాబేస్ అనే చేపల వంటకాన్ని గట్టి పరీక్షకే పెట్టాము. ఒకప్పుడు జాలరులు అమ్ముడుపోని ముళ్ళ చేపలను ఉడికించుకొని తిన్న వంట ఇది. ఇప్పుడు మేము తిన్న చోట ఒక్కొక్కరికి 75 యూరోలు. నకిలీలు పెరుగుతున్నాయని 1980లో కొందరు హోటళ్ళవారు కలిసి నియమావళి రాసుకున్నారు, దాని ప్రకారం కనీసం నాలుగు రకాల చేపలుండాలి. ముందు కుంకుమపువ్వు, వెల్లుల్లి వాసన వేసే నారింజరంగు చారు, వేయించిన రొట్టెముక్కలతో, రూయ్ అనే కారపు ముద్దతో వస్తుంది. ఆ తరువాత చేపలను మన ఎదుటే ముళ్ళు తీసి వడ్డిస్తారు. చారు నాకు నిజంగా నచ్చింది. మా అత్తగారు రెండు చెంచాలు తాగి, కూతురి వైపు తిరిగి, ‘ఏమ్మే, చింతపండు మరిచిపొయ్యారా?’ అని అడిగారు. వడ్డించిన అతనికి ఆ ప్రశ్నను అనువదించలేకపోయాము. మూడు రోజుల పాటు ఆమెను ఆదుకున్నది పనీస్. శనగపిండిని నీళ్ళలో ఉడికించి, గట్టిపడనిచ్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేయించిన ఈ చిరుతిండిని ఆమె బజ్జీకి దూరపు చుట్టంగా అంగీకరించారు.

లోపాలూ చెప్పాలి. కొన్ని వీధులు బాగా మురికిగా ఉన్నాయి, గోడల నిండా పిచ్చిరాతలున్నాయి, మెట్రోలో జేబు మీద ఒక చెయ్యి ఉంచుకొనే తిరగాలి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూతపడతాయి. ఫ్రెంచి రాకపోతే బస్సుల్లో ఇబ్బందే. సబ్బులకు పేరున్న ఊరు కదా అని రేవు పక్క దుకాణాల్లో రంగురంగుల సబ్బులు కొనేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: అసలైన మార్సేయ్ సబ్బుకు రంగులు, సువాసనలు ఉండవు, ఆలివ్ నూనెతో చేసినది ఆకుపచ్చగా ఉంటుంది, దాని మీద 72 శాతం నూనె అని ముద్ర ఉంటుంది.

వంటగది ఉన్న అద్దె ఫ్లాటు తీసుకోవడం మేము చేసిన తెలివైన పని. చివరి రోజు పొద్దునే మా అత్తగారు రేవు గట్టుకు వెళ్ళి, ఎర్రగా, ముళ్ళతో, చూడడానికి భయం గొలిపే రాస్కాస్ చేపను వేళ్ళతో బేరమాడి కొన్నారు. నెల్లూరు నుంచి తెచ్చిన చింతపండు, కారం పెట్టెలోంచి తీశారు. మామిడికాయ దొరకలేదన్న చింత ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నం పులుసు వాసనకు పక్క ఫ్లాటు ఆమె తలుపు తట్టింది. మేము భయపడినట్టు ఫిర్యాదు చేయడానికి కాదు, చేతిలో ఒక ఖాళీ గిన్నెతో.