అబిడ్స్ సందులో కొవ్వొత్తుల కొట్టు: గుడి పని చేసేవాళ్ల కోసం

గన్‌ఫౌండ్రీ కెథడ్రల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, అబిడ్స్ వైపు ఒక సందులో ఉంది ఈ కొట్టు. బోర్డు మీద రంగు వెలిసిపోయి పేరు చదవడానికి రాదు. సిలువ గుర్తు ఒక్కటే కనిపిస్తుంది. మేమంతా కొవ్వొత్తుల కొట్టు అనే అంటాం. జపమాలలు, స్వరూపాలు, ప్రార్థన పుస్తకాలు, సాంబ్రాణి, పూజా వస్త్రాలు, పాత్రలు, అన్నీ ఉంటాయి. ఒక మనిషి పట్టేంత దారి, రెండు పక్కలా అద్దాల బీరువాలు.

మాది ఫిరంగిపురం. మావారి రైల్వే ఉద్యోగంతో హైదరాబాద్ వచ్చి మౌలాలి వైపు స్థిరపడ్డాం. పదకొండేళ్లుగా మా విచారణ (పారిష్) గుడిలో సాక్రిస్టీ, అంటే పూజా సామాను గది, పని నాదే. బలిపీఠం సర్దడం, గుడ్డలు ఉతకడం, ఆ రోజు రంగు చూసి ఫాదర్ గారి పూజా వస్త్రాలు తీసి పెట్టడం, పూజలో పంచే గోధుమ అప్పాలు లెక్కపెట్టడం, పూజ అయ్యాక పాత్రలు లోపల పెట్టి తాళం వేయడం. ఈ పని చేసేవాళ్లు ప్రతి విచారణలోనూ ఉంటారు. సామాను ఎక్కడ కొనాలన్నది వాళ్లందరికీ తలనొప్పే. నేను ఇది రాస్తున్నది వాళ్ల కోసమే.

మొదటి ఏడాది మేము కొవ్వొత్తులు ఎక్కడో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణ పండుగ. కొత్త బలిపీఠం గుడ్డ పరిచి, అంచుకు చేత్తో కుట్టిన లేసు సర్దుకుని, కొవ్వొత్తులు వెలిగించాను. సువిశేషం (సువార్త) చదివే వేళకి ఎడమవైపు కొవ్వొత్తి ఒక పక్కకే కరిగి ధార కట్టింది. పూజ అయ్యేసరికి లేసు మీద అరచేతంత మైనం గడ్డ. దాన్ని కాగితం వేసి ఇస్త్రీపెట్టెతో తీస్తూ ఏడ్చాను. అప్పుడు మా ఫాదర్ గారు, "అమ్మా, ఒకసారి అబిడ్స్ వెళ్లి రండి" అని ఈ కొట్టు గుర్తులు చెప్పారు.

వెళ్లి కొవ్వొత్తులు కావాలన్నాను. కొట్టు అన్నయ్య కొవ్వొత్తి తీయలేదు. "బలిపీఠానికి ఫ్యాన్ ఎక్కడుందమ్మా?" అని అడిగారు. సరిగ్గా ఎడమవైపు కొవ్వొత్తికి పైనే ఉంది ఫ్యాన్. గాలికి మంట వాలితే మైనం ఆ పక్కకే కారుతుందని చెప్పి, కొవ్వొత్తి తల మీద పెట్టే చిన్న ఇత్తడి టోపీ లాంటిది చూపించారు. అది మైనాన్ని మధ్యలోనే నిలుపుతుంది, కొవ్వొత్తి కరుగుతున్నకొద్దీ తనూ కిందకి దిగుతుంది. రెండు కొన్నాను. మళ్లీ ఇంతవరకు గుడ్డ మీద మైనం చుక్క పడలేదు. ఎండాకాలంలో కొవ్వొత్తులు ఇనుప బీరువాలో నిలబెట్టొద్దని, న్యూస్ పేపర్లో చుట్టి పడమటి గోడకి దూరంగా పడుకోబెట్టమని కూడా ఆయనే చెప్పారు. మే నెల హైదరాబాద్ ఎండకి కొవ్వొత్తులు విల్లులా వంగిపోవడం చూసినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

ఏది అడిగినా ముందు "దేనికమ్మా?" అంటారాయన. ఆ ఒక్క ప్రశ్న కోసమే నేను రెండు బస్సులు మారి వెళ్తాను.

గుడిలో వారమంటే ఆదివారం ఒక్కటే అనుకుంటారు చాలామంది. మాకు వారం సోమవారం ఉతుకుతో మొదలవుతుంది. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, కింద పరిచే కార్పొరల్ గుడ్డ, పాత్ర తుడిచే ప్యూరిఫికేటర్ గుడ్డ నేరుగా సబ్బులో వేయకూడదు. ముందు మంచినీళ్లలో జాడించి, ఆ నీళ్లు మోరీలో పోయకుండా గుడి తోటలో మట్టిలో పోస్తాం. మా దగ్గర అది జాజి పొద. ఆ తర్వాతే సబ్బు. కార్పొరల్‌ని ఇస్త్రీ చేసి మూడు మడతలు ఇటు, మూడు మడతలు అటు, తొమ్మిది గళ్లు వచ్చేలా లోపలికి మడవాలి, అందులో రేణువు ఉంటే కింద పడకుండా. బుధవారం నిత్య సహాయమాతకు చేసే నొవేనా ప్రార్థన. గురువారం సాయంత్రం ఆరాధన, దానికి సాంబ్రాణి, బొగ్గు. శనివారం ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు, కోయిర్ ప్రాక్టీసు, పూలు. ఆదివారం తెలుగు పూజ, ఇంగ్లీషు పూజ, మధ్యలో పిల్లల సత్యోపదేశం. ఈ కొట్టులో సామాను ఈ వారానికి తగ్గట్టు ఉంటుంది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ గుడ్డలు. ఇక్కడ అమ్మే ప్యూరిఫికేటర్లలో ఎక్కువ భాగం పాలియెస్టర్ కలిసినవే. చూడ్డానికి తెల్లగా మెరుస్తాయి, ముడత పడవు, కానీ తడి పీల్చవు. పాత్రలో మిగిలిన చుక్కను పీల్చుకోని గుడ్డతో ఆ పాత్రను తుడవడం నాకు మనసొప్పదు. అన్నయ్యతో ఈ సంగతి చాలాసార్లు చెప్పాను. "నూలువి తెస్తే ఇస్త్రీ చేసే ఓపిక లేదని ఎవరూ కొనడం లేదమ్మా" అంటారు. ఇందులో నేను ఆయనతో ఒప్పుకోను. మంచి నూలు గుడ్డ బయట మీటరు లెక్కన తెచ్చుకుని మా మహిళా సంఘం వాళ్లమే అంచులు కుట్టుకుంటున్నాం. మీరూ అలాగే చేయండి. బ్యాటరీ కొవ్వొత్తులు కూడా అమ్ముతున్నారు. ఇంట్లో స్వరూపం ముందు పెట్టుకోవడానికి సరే గానీ, బలిపీఠం మీదకి మాత్రం కొనకండి.

అప్పాల విషయంలో మాత్రం పూర్తిగా నమ్మొచ్చు. సిస్టర్స్ మఠంలో చేసినవే తెచ్చి పెడతారు, ప్యాకెట్ మీద చేసిన తేదీ చేత్తో రాసి ఉంటుంది. గోధుమ పిండి, నీళ్లు, ఇంకేమీ ఉండకూడదు, నిల్వవి కాకూడదు అన్నది తిరుసభ (చర్చి) చట్టం. ఒకసారి జూలై ముసురులో తీసుకున్నాను. ప్యాకెట్ విప్పి ఒకటి విరిచి చూపించారు. టక్కుమని విరగకుండా మెత్తగా వంగింది. ఆ ప్యాకెట్ పక్కన పెట్టేసి, "ఇవి వద్దమ్మా, శుక్రవారం కొత్తవి వస్తాయి" అన్నారు. అమ్మేసుకోవచ్చు, నాకేం తెలిసేది కాదు.

నెలలో మొదటి శుక్రవారం సిస్టర్ గారితో కలిసి మంచం పట్టినవాళ్ల ఇళ్లకి దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తాం. దానికి పిక్స్ అని చిన్న గుండ్రటి డబ్బా కావాలి, లోపల బంగారు పూత ఉంటుంది. నేను అందంగా చెక్కిన మూత ఉన్నది ఎంచుకున్నాను. ఆయన దాన్ని తలకిందులు చేసి రెండుసార్లు ఊపారు. మూత కదిలింది. "స్కూటీ మీద వెళ్తారు కదమ్మా" అని, చెక్కుడు లేని సాదా డబ్బా ఇచ్చారు. మూత బిగువుగా పడుతుంది, తెరవాలంటే గోరు పెట్టాలి. మెడలో వేసుకునే సంచీ వదిన, అన్నయ్య భార్య, కుట్టి ఇచ్చింది. ఆరేళ్లుగా అదే వాడుతున్నాం.

ఇక పాస్కా కొవ్వొత్తి. ఈస్టర్ జాగరణ రాత్రి కొత్త నిప్పుతో వెలిగించే పెద్ద కొవ్వొత్తి. దాని మీద సిలువ, అల్ఫా, ఒమేగా, ఆ సంవత్సరం అంకెలు, క్రీస్తు అయిదు గాయాలకు గుర్తుగా అయిదు సాంబ్రాణి గింజలు ఉంటాయి. 2018లో నేను ఆలస్యంగా, ఈస్టర్‌కి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం దాటాక వెళ్లాను. కొవ్వొత్తి ఉంది గానీ అంకెల్లో 8 అయిపోయింది. అన్నయ్య ఎర్ర మైనం పలక తీసి, బ్లేడుతో 8 కోయడం మొదలుపెట్టారు. బయటి గీత తేలిగ్గానే వచ్చింది. లోపలి రెండు గుండ్రాలు తీస్తుంటే మొదటిది విరిగిపోయింది. రెండోసారి పలకని అరచేతిలో పెట్టుకుని కాస్త వెచ్చబెట్టి కోశారు. అరగంట పట్టింది. అతికించాక 8 కొంచెం కుడివైపుకి ఒరిగింది. సరిచేస్తానన్నారు. బస్సు పోతుందని నేనే వద్దన్నాను. ఆ కొవ్వొత్తిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని సికింద్రాబాద్ దాకా వచ్చాను.

ఆ ఏడు ఆగస్టులో మావారు పోయారు. అంత్యక్రియల పూజలో పెట్టె పక్కన పాస్కా కొవ్వొత్తి పెడతారు. నేను మొదటి వరుసలో కూర్చున్నాను. ఫాదర్ గారి ప్రసంగం ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నా కళ్లెదుట ఆ ఒరిగిన 8 ఉంది. అప్పటికి కొవ్వొత్తి సగం దాకా కరిగింది. ఆ ఎండాకాలంలో జ్ఞానస్నానాలన్నిటికీ (బాప్తిస్మాలకి) వెలిగించాం కదా. మా పిల్లలిద్దరి జ్ఞానస్నానం సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌లో అయింది, 1850లో కట్టిన గుడి, 2008లో పోపుగారిచ్చే బసిలికా హోదా వచ్చింది. అప్పుడు పిల్లల చేతి కొవ్వొత్తుల్ని పాస్కా కొవ్వొత్తి నుంచి వెలిగించి పట్టుకున్నది మావారే. ఇప్పుడు అలాంటి కొవ్వొత్తే ఆయన తల దగ్గర. నెలమాసికం అయ్యాక కొట్టుకి వెళ్లి ఈ సంగతి చెప్పాను. అన్నయ్య ఏమీ అనలేదు. లోపలికి పిలిచి వదిన చేత టీ పెట్టించారు.

బుధవారం నొవేనాలో మా అమ్మ జపమాల తెగినప్పుడు కూడా ఇక్కడికే తెచ్చాను. అమ్మ గుణదల తిరునాళ్లలో కొన్న కర్ర పూసల జపమాల. పూసలు బెంచీల కిందకి దొర్లిపోయాయి. పూజ అయ్యాక పిల్లలు చీపురు పట్టి వెతికారు. జపమాలకు 53 చిన్న పూసలు, 6 పెద్దవి. మాకు దొరికినవి మొత్తం 57. అన్నయ్య పళ్లెంలో పోసి పదేసి చొప్పున లెక్కపెట్టి, రెండు చిన్నవి తక్కువున్నాయని తేల్చారు. పాత జపమాలల డబ్బా తీసి దగ్గర దగ్గర రంగున్న రెండు పూసలు ఏరారు. సన్నటి పట్టకారుతో తీగని పూసలోంచి దూర్చి, కొన వంచి, చుట్టి, మిగిలింది కత్తిరించి, ఆ కొన గీసుకోకుండా లోపలికి నొక్కారు. "మీ అమ్మగారి చెయ్యి పడ్డ పూసలు నున్నగా ఉంటాయమ్మా. ఈ రెండూ గరుగ్గా తగుల్తాయి" అని ముందే చెప్పారు. నిజమే. మూడో రహస్యంలో, అంటే మూడో పది పూసల వరసలో, నాలుగో పూస దగ్గర నా వేళ్లు ఆగుతాయి. 40 రూపాయలు తీసుకున్నారు.

పుస్తకాల దగ్గర తెలుగువాళ్లకి కొరత ఉంది. ఇంగ్లీషువి వరసగా ఉంటాయి, తెలుగు ప్రార్థన పుస్తకాలు ఒక అరలో నాలుగైదు రకాలే. పెద్ద అక్షరాలవి ఒక్కటీ లేదు. మా నొవేనాకి వచ్చేవాళ్లలో సగం మంది కళ్లద్దాల పెద్దవాళ్లు. ఇది ఎప్పటినుంచో అడుగుతున్నాం. కానీ ఒక సంగతి చెప్పాలి. జపమాలలో గురువారం చెప్పుకునే వెలుగు దేవరహస్యాలు రెండో జాన్ పాల్ పోపుగారు 2002లో చేర్చినవి. కొన్ని పాత ముద్రణ పుస్తకాల్లో అవి ఉండవు. ఈ కొట్టులో అలాంటి ప్రతి పుస్తకంలోనూ ఆ అయిదు రహస్యాలూ రాసిన కాగితం మడిచి పెట్టి ఉంటుంది. ఆ రాత వదినది.

ఇంకొన్ని ఇబ్బందులు. మూడు ఎత్తు మెట్లు, పట్టుకోవడానికి ఏమీ లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే పిలవాలి. ఫోన్లో డబ్బు కట్టొచ్చు గానీ విచారణ లెక్కకి బిల్లు కావాలంటే చేత్తో రాయించుకోవాలి. ఆదివారం పొద్దున మూసి ఉంటుంది, వాళ్లూ పూజకి వెళ్తారు. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలానికి మూడు ఊదా, ఒక గులాబీ కొవ్వొత్తి కావాలంటే నవంబరు 2 సమాధుల పండుగ అయిన వారంలోనే చెప్పి పెట్టుకోండి. గులాబీ రంగువి తక్కువ తెస్తారు.

గల్లా పెట్టె పైన గోడకి కార్డినల్ పూల ఆంథోని గారి ఫోటో ఉంటుంది, అదే గుర్తు. 2022లో ఆయన కార్డినల్ అయ్యాక పెట్టారు. తెలుగువాళ్లలో ఆ పదవి అందుకున్న మొదటివారని వచ్చినవాళ్లకల్లా అన్నయ్య చెబుతారు.

జపమాల బాగు చేయించుకోవాలంటే పూసలతో పాటు తెగిన తీగ ముక్కలు కూడా పట్టుకెళ్లండి. లావు చూసి అదే తీగ వేస్తారు. పర్సులో వేసుకోకండి, మూతున్న డబ్బాలో పోసుకోండి.