ప్రెషర్ కుక్కర్ లో యాపిల్ బటర్: మూత పెట్టి సగం పని, మూత తీసి సగం పని

యాపిల్ బటర్ చాలా కాలంగా కుక్కర్ లోనే చేస్తున్నా కాబట్టి ఇప్పుడు గట్టిగానే చెప్పగలను, కుక్కర్ చాలా మంచి పని చేస్తుంది కానీ మొత్తం పని చెయ్యదు. అరగంటలో యాపిల్ బటర్ రెడీ అని ఎవరైనా చెప్తే వాళ్ళు చేసింది యాపిల్ సాస్ అన్నమాట, బటర్ కాదు. ఈ తేడా తెలియక చాలామంది మూత తీసి లోపల పల్చటి గుజ్జు చూసి ఇది కుక్కర్ లో అయ్యే పని కాదని వదిలేస్తారు, అది చూస్తే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇంకో గంట, గంటన్నర ఓపిక పడితే కొన్న సీసాల్లో ఎప్పుడూ దొరకని రుచి వస్తుంది.

కొత్తవాళ్ళ కోసం ఒక్క ముక్క, ఇందులో వెన్న అసలు ఉండదు. యాపిల్ గుజ్జులో నీళ్ళు ఇగిరిపోయి ముదురు గోధుమరంగుకి వచ్చేదాకా ఉడికిస్తే బ్రెడ్ మీద నున్నగా రాసుకునేట్టు తయారవుతుంది, అంతే. యాపిల్ బరువులో దాదాపు 85 శాతం నీళ్ళే ఉంటాయి. పాతరోజుల్లో పెద్ద రాగి పాత్రల్లో కట్టెల మంట మీద రోజంతా కలుపుతూ కూర్చునేవాళ్ళంటే యాపిల్ మెత్తబడక కాదు, మెత్తబడటం తొందరగానే అయిపోతుంది, మిగతా టైమంతా ఆ నీళ్ళు ఎగరగొట్టడానికే. మరి కుక్కర్ మూత బిగించాక ఆవిరి బయటికి పోదు కదా, పోకుండా ఆపడమే దాని పని. అందుకే ఎంతసేపు ప్రెషర్ లో పెట్టినా గుజ్జు చిక్కబడదు, ఇంకో అరగంట పెంచినా అదే పల్చదనం.

అలాంటప్పుడు కుక్కర్ ఎందుకు అంటారా, మూడు కారణాలు ఉన్నాయి, నాకైతే మూడూ ముఖ్యమే. 15 పీఎస్ఐ (ప్రెషర్ ని కొలిచే లెక్క) దగ్గర పనిచేసే కుక్కర్ లో లోపల వేడి 121 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా పోతుంది, మామూలు గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపూ 100 దగ్గరే ఆగిపోతుంది. ఆ వేడికి తొక్క కూడా మెత్తబడిపోతుంది కాబట్టి యాపిల్స్ తొక్క తియ్యక్కర్లేదు, ఇది ఎంత పెద్ద రిలీఫో రెండు కేజీల యాపిల్స్ తొక్క తీసిన వాళ్ళకే తెలుస్తుంది. పైగా చిక్కదనం ఇచ్చే పెక్టిన్ తొక్కలోనూ గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ ఎక్కువ, తొక్కతో ఉడికిస్తే అదంతా గుజ్జులోకే దిగుతుంది. రెండోది రంగు, ఆ వేడికి పండులోని చక్కెరలు అప్పుడే ఎరుపెక్కడం మొదలుపెడతాయి, మూత తీసేసరికే గుజ్జు లేత గోధుమరంగులో ఉంటుంది, మామూలు గిన్నెలో ఆ రంగు రావాలంటే చాలాసేపు పడుతుంది. మూడోది, మొదటి దశలో మనం పక్కన నిలబడి కలపక్కర్లేదు.

ఇప్పుడు జాగ్రత్త సంగతి, దీన్ని మాత్రం స్కిప్ చెయ్యకండి ప్లీజ్. యాపిల్ ఉడికేటప్పుడు బాగా నురగ కడుతుంది, గుజ్జు ఎగిరి చిమ్ముతుంది, అది వెళ్ళి వెయిట్ కింద ఉన్న రంధ్రంలో ఇరుక్కుంటే ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. చాలా కుక్కర్ల మాన్యువల్స్ లో యాపిల్ సాస్ లాంటివి ప్రెషర్ లో వండొద్దని క్లియర్ గా రాసి ఉంటుంది, కొన్నిటిలో సగానికి మించి నింపకుండా చేసుకోవచ్చని ఉంటుంది. మీ కుక్కర్ పుస్తకం ముందు చదవండి, వద్దు అని ఉంటే ఆ కుక్కర్ లో చెయ్యొద్దు, నేను చెప్పానని కూడా చెయ్యొద్దు, మామూలు మందపాటి గిన్నెలో చేసుకోండి. చేసుకోవచ్చని ఉన్నా సరే, ముక్కలు కుక్కర్ లో సగానికి మించకూడదు, ముందే మెత్తగా తురిమో గ్రైండ్ చేసో వెయ్యకూడదు, పెద్ద ముక్కలుగానే ఉండాలి. మూత పెట్టేముందు ఆవిరి రంధ్రం వెలుతురుకి ఎత్తి చూసుకోవాలి, అవతలి వైపు కనపడాలి. మంట మొదటినుంచీ మీడియం దాటనివ్వను, ప్రెషర్ రాగానే సిమ్. అన్నిటికంటే ముఖ్యం, ఆఫ్ చేశాక వెయిట్ ఎత్తి ఆవిరి వదలకండి, దానంతట అదే చల్లారాలి, ఇరవై నిమిషాలు పట్టినా సరే. తొందరపడి ఆవిరి వదిలితే లోపల గుజ్జు ఒక్కసారిగా పొంగి వేడి వేడిగా రంధ్రంలోంచి చిమ్ముతుంది, మీద పడితే గట్టిగా కాలుతుంది.

కుక్కర్ స్టీల్ ది అయితేనే మంచిది. యాపిల్ పులుపు ఉన్న పండు కదా, ఉత్త అల్యూమినియం మీద ఆ పులుపు పనిచేస్తుంది, రుచిలో కొంచెం లోహం వాసన తగులుతుంది, గిన్నె లోపల రంగు కూడా మారుతుంది. అడుగు ఎంత మందంగా ఉంటే అంత మేలు, పల్చటి అడుగున్న దాంట్లో ప్రెషర్ వచ్చేలోపే అడుగంటే ఛాన్స్ ఉంది, ఒకసారి మాడు వాసన పట్టిందంటే మొత్తం గుజ్జుకి పట్టేస్తుంది, ఎన్ని మసాలాలు వేసినా పోదు.

కొలతలు చెప్తా. ఎనిమిది లీటర్ల కుక్కర్ కి రెండు కేజీల యాపిల్స్, ఐదు లీటర్లదైతే ఒకటింపావు కేజీ చాలు, అంతకంటే వేస్తే సగం దాటిపోతుంది. బాగా కడిగి, నాలుగు ముక్కలు చేసి, తొడిమా గింజలూ తీసేసి, తొక్కతోనే వేస్తా. గింజలు మాత్రం తప్పకుండా తీసెయ్యాలి, ఎందుకంటే తర్వాత బ్లెండర్ తిప్పుతాం, గింజ నలిగితే చేదొస్తుంది, వాటిలో ఉండే అమిగ్డాలిన్ అనే పదార్థం నలిగినప్పుడు సైనైడ్ విడుదల చేస్తుంది కూడా, పొరపాటున ఒకటి రెండు పడితే కొంపేం మునగదు కానీ తీసెయ్యడమే పద్ధతి. ఒక కప్పు నీళ్ళు, అంటే దాదాపు 240 మిల్లీ లీటర్లు, మీ కుక్కర్ కి కనీసం ఇంత ద్రవం కావాలని పుస్తకంలో ఉంటే అంత పొయ్యండి, ఎక్కువ వద్దు, పోసిన ప్రతి చుక్కా మళ్ళీ మనమే ఎగరగొట్టాలి. నీళ్ళ బదులు యాపిల్ జ్యూస్ పోస్తే రుచి ఇంకా బావుంటుంది. ఒక దాల్చిన చెక్క, రెండు చెంచాల నిమ్మరసం. చక్కెర ఇప్పుడే వెయ్యను, అడుగున పేరుకుని మాడుతుంది. ప్రెషర్ వచ్చాక సిమ్ లో 15 నిమిషాలు. నిజానికి యాపిల్ ఐదు నిమిషాలకే మెత్తబడుతుంది, మిగతా పది నిమిషాలూ తొక్క కోసం, రంగు కోసం. విజిల్స్ లెక్క పెట్టొద్దు, విజిల్ వచ్చిన ప్రతిసారీ నురగ పైకి ఎగిసే అవకాశం ఉంది, టైం చూసుకోండి.

ఏ యాపిల్ అనేది చాలా తేడా తెస్తుంది. ఒక్క రకంతో చేస్తే రుచి ఒంటిగా ఉంటుంది, నాకు నచ్చింది సగం తీపి రకాలు, గాలా గానీ ఫుజీ గానీ, మిగతా సగం గ్రానీ స్మిత్ లాంటి పుల్లటి ఆకుపచ్చవి. నీళ్ళు ఇగిరేకొద్దీ తీపి బాగా దగ్గరపడుతుంది, పులుపు లేకపోతే చివరికి మొహం మొత్తేస్తుంది. మెకింటోష్ దొరికితే అది ఇంకా త్వరగా కరుగుతుంది. రెడ్ డెలిషియస్ ఒక్కటే వేసి మాత్రం చెయ్యొద్దు, చప్పగా ఉంటుంది, చూడటానికి అందంగా ఉన్నంత మాత్రాన ఉడికాక రుచి రాదు. కొంచెం ముడతలు పడ్డవి, దెబ్బ తగిలినవి ఆ భాగం కోసేసి వాడొచ్చు, కుళ్ళినవి మాత్రం వద్దు.

ఇక మూత తీశాక మొదలయ్యేదే అసలు వంట. దాల్చిన చెక్క తీసేసి, కొంచెం చల్లారాక హ్యాండ్ బ్లెండర్ తో మెత్తగా చేస్తా, తొక్కతో సహా. బ్లెండర్ బలమైనది కాకపోతే చిన్న చిన్న తొక్క ముక్కలు నాలిక్కి తగులుతాయి, అప్పుడు జల్లెడలో వేసి గరిటెతో నొక్కితే నున్నగా వస్తుంది, కాకపోతే టైం పడుతుంది. ఆ గుజ్జుని కుక్కర్ లోనే ఇగరబెట్టకుండా వెడల్పాటి మందపాటి గిన్నెలోకి మారుస్తా, ఈ ఒక్క మార్పుతో చాలా టైం కలిసొస్తుంది, కుక్కర్ లోతుగా ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఆవిరి త్వరగా పోదు, వెడల్పుగా ఉంటే పోతుంది. 150 నుంచి 200 గ్రాముల బ్రౌన్ షుగర్ ఇప్పుడు వేస్తా, తియ్యటి యాపిల్స్ అయితే ఇంకా తగ్గించండి. చిటికెడు ఉప్పు. సన్నటి మంట మీద గంట నుంచి గంటన్నర పడుతుంది రెండు కేజీలకి. మొదటి అరగంట అప్పుడప్పుడు కలిపితే చాలు, చిక్కబడుతున్న కొద్దీ దగ్గరే ఉండాలి, గుజ్జు బుడగలు కట్టి పేలుతూ అగ్నిపర్వతంలా చిమ్ముతుంది, చెయ్యి కాలుతుంది, అందుకే పొడుగు కాడ ఉన్న చెక్క గరిటె, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గిన్నె మీద చిమ్మకుండా జాలీ మూత. మామూలు మూత పూర్తిగా పెడితే మళ్ళీ ఆవిరి లోపలే ఉండిపోతుంది.

నిలబడే ఓపిక లేనప్పుడు ఓవెన్ ఉంటే వెడల్పాటి ట్రేలో పోసి 120 డిగ్రీల దగ్గర పెట్టి అరగంటకోసారి కలపండి, టైం ఎక్కువ పడుతుంది కానీ అడుగంటే భయం బాగా తగ్గుతుంది, చిమ్మడం కూడా తక్కువ.

అయిందా లేదా అనేది కళ్ళతో చూసి చెప్పడం కష్టం, వేడిగా ఉన్నప్పుడు పల్చగానే కనిపిస్తుంది. దీనికి రెండు పరీక్షలు ఉన్నాయి. చెంచాలో కొంచెం తీసి ఆవిరికి దూరంగా రెండు నిమిషాలు పట్టుకోండి, గుట్టలాగా అలాగే నిలబడితే అయినట్టు. లేదంటే చల్లటి ప్లేట్ మీద ఒక చుక్క వెయ్యండి, చుట్టూ నీళ్ళ అంచు విడిపోయి కనపడితే ఇంకా ఉడకాలి, కనపడకపోతే దించెయ్యొచ్చు. నేను రెండోది ఎక్కువ నమ్ముతా. రెండు కేజీల యాపిల్స్ కి చివరికి ఆరేడు వందల గ్రాములే మిగులుతుంది, ఇది ముందే తెలిసి ఉంటే నిరాశ ఉండదు.

మసాలాల గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. లవంగం, జాజికాయ ప్రెషర్ లో వెయ్యొద్దు, లవంగం ఘాటు మొత్తం పట్టేసి యాపిల్ రుచే తెలియకుండా చేస్తుంది. దాల్చిన పొడి కూడా ముందు వేస్తే కొన్ని రకాలు జిగురుగా మారతాయి, అందుకే ప్రెషర్ లో చెక్క, చివరి పది నిమిషాల్లో పావు చెంచా పొడి, లవంగం పొడి చిటికెడు, అంతే. మొదట యాపిల్ రుచి తగలాలి, మసాలా తర్వాత రావాలి.

రంగు ఇంకా ముదురుగా కావాలని చిటికెడు బేకింగ్ సోడా వేసే పద్ధతి ఒకటుంది, నిజంగానే పనిచేస్తుంది, పులుపు తగ్గేసరికి గుజ్జు త్వరగా ఎరుపెక్కుతుంది. కానీ ఆ పులుపే యాపిల్ బటర్ ని కాపాడేది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువన్నమాట, యాపిల్స్ పీహెచ్ మామూలుగా 3.3 నుంచి 4 మధ్యలో ఉంటుంది, సీసాల్లో సీల్ చేసి బయట నిల్వ చెయ్యాలంటే 4.6 కంటే కింద ఉండాలి, సోడా వేస్తే ఆ లెక్క తప్పుతుంది. ఫ్రిజ్ లో పెట్టుకుని తొందరగా తినేసేదైతే మీ ఇష్టం, సీసాల్లో నిల్వకైతే అస్సలు వద్దు. నేను వెయ్యను, సోడా వేస్తే రుచిలో ఆ చురుకుదనం పోతుంది.

నిల్వ విషయానికొస్తే ఫ్రిజ్ లో రెండు మూడు వారాలు బావుంటుంది, ఫ్రీజర్ లో ఏడాది దాకా, డబ్బా పైన కొంచెం ఖాళీ వదలాలి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. సీసాల్లో సీల్ చేసేవాళ్ళు వెనిగర్, చక్కెర కొలతలు పరీక్షించి ఇచ్చిన రెసిపీ పట్టుకుని చెయ్యండి, వేడిగా నింపి పైన పావు అంగుళం వదిలి మరిగే నీళ్ళలో ముంచి చిన్న సీసాలు ఐదు నిమిషాలు ఉంచాలి, ఇది సముద్రమట్టం నుంచి 1000 అడుగుల దాకా, ఆపైన 6000 దాకా పది, అంతకంటే ఎత్తులో పదిహేను. గోరువెచ్చగా నింపి మూత బిగిస్తే టక్కుమని పట్టేసింది కదా సీల్ అయిపోయింది అనుకునేవాళ్ళు ఉన్నారు, అది సేఫ్ కాదు.

ఎలక్ట్రిక్ కుక్కర్ లో కూడా చేస్తున్నా, రెండిటికీ తేడా ఉంది. ఎలక్ట్రిక్ దాంట్లో ప్రెషర్ కొంచెం తక్కువ ఉండొచ్చు కాబట్టి ఐదు నిమిషాలు ఎక్కువ పెడతా, మంట చూసుకునే పని లేదు, అది పెద్ద ప్లస్. కానీ అడుగున గుజ్జు చిక్కగా ఉంటే బర్న్ అని చూపించి ఆగిపోతుంది, అందుకే నీళ్ళు ముందు పోసి దాని మీద ముక్కలు వేసి కలపకుండా మూత పెట్టాలి. దాని సాటే మోడ్ లో, అంటే మూత లేకుండా వేయించుకునే సెట్టింగ్ లో, ఇగరబెట్టడం నాకు నచ్చలేదు, తక్కువలో పెట్టినా మధ్యలో ఒకచోటే మాడుతుంది.

ఎక్కువ కాలం వాడితేనే తెలిసే ఇబ్బంది గ్యాస్కెట్. సిలికాన్ రింగ్ దాల్చిన, లవంగం వాసన పట్టేసుకుంటుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు, తర్వాత అన్నం వండినా ఆ వాసనే. తియ్యటి వాటికి వేరే రింగ్ పెట్టుకున్నాక ఆ గొడవ లేదు. వాడిన వెంటనే వెయిట్, దాని కింద గొట్టం, సేఫ్టీ వాల్వ్ విప్పి కడగాలి, చక్కెర గుజ్జు ఆరితే రాయిలా అతుక్కుంటుంది.

ఐదు కేజీలు ఒకేసారి చేద్దామనుకునేవాళ్ళకి ఇది సరిపడదు, సగమే నింపాలి కాబట్టి రెండు మూడు విడతలు పెట్టాలి, అప్పుడు పెద్ద గిన్నెలో ఓవెనే మేలు. ఒకటి రెండు కేజీలకైతే మాత్రం నేను వేరే పద్ధతికి మారను, తొక్క తీసే పని తప్పుతుంది, రంగు ముందే వచ్చేస్తుంది, గిన్నెలో మొదటినుంచీ చేస్తే మూడు గంటలు దాటే పని రెండు, రెండున్నర గంటల్లో అయిపోతుంది, అందులో కూడా నిలబడాల్సింది చివరి అరగంట నుంచి గంటే.