పార్ట్ డిజైనర్: ఆకారం వచ్చినంత తేలిగ్గా అతుకు రాదు

కంప్యూటర్ తెర మీద లెగో ఇటుకల నమూనాలు కట్టేవారికి ఎప్పుడో ఒకప్పుడు కావలసిన ముక్క జాబితాలో దొరకదు. నాకు దొరకనిది ఆవిరి రైలింజను పెద్ద చక్రం. త్రీడీ ప్రింటింగ్ కోసం నేనే గీసుకున్న, 40 మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ చక్రాన్ని నమూనాలు కట్టే సాఫ్ట్‌వేర్ బ్రిక్‌లింక్ స్టూడియోలోకి తెచ్చుకోవడానికి, దానికి తోడుగా వచ్చే, సొంత ముక్కలు తయారుచేసే పార్ట్ డిజైనర్‌ను కొన్ని వారాలుగా వాడుతున్నాను. లెగో సంస్థ 2019లో ఇటుక ముక్కల ఆన్‌లైన్ సంత బ్రిక్‌లింక్‌ను కొనుగోలు చేసి, 2022లో తన పాత డిజిటల్ డిజైనర్‌కు బదులు స్టూడియోనే అధికారిక సాధనంగా ప్రకటించింది. ఆ పాత సాధనంలో ఇచ్చిన ముక్కలతో సరిపెట్టుకోవడం తప్ప, సొంత ముక్కను చేర్చుకోవడానికి సరైన దారి ఉండేది కాదు. ఆ లోటును పార్ట్ డిజైనర్ తీరుస్తుంది, కాని తీర్చే పనిలో సగం మన చేతిలోనే పెడుతుంది.

స్టూడియో ముక్కల వెనుక ఉన్నది 1995లో జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టిన ఎల్‌డ్రా పద్ధతి. అందులో ప్రతి ముక్కా నోట్‌ప్యాడ్‌లో తెరచి చదువుకోగల సాదా అక్షరాల ఫైలే. కొలత ఎల్‌డ్రా యూనిట్లలో ఉంటుంది; ఒక యూనిట్ అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. ఇటుక నెత్తిన ఉండే పక్కపక్క బుడిపెల నడిమి దూరం 20 యూనిట్లు, ఇటుక ఎత్తు 24, ప్లేటు అనే పలుచని ముక్క మందం 8. ఈ లెక్క తెలిసి ఉండి కూడా, నా మెష్‌ను, అంటే త్రికోణాలతో అల్లిన ఆకారాన్ని, ఎల్‌డ్రా రూపంలోకి మార్చేటప్పుడు మిల్లీమీటర్లను 2.5తో గుణించడం మరచిపోయాను. 100 యూనిట్లు ఉండవలసిన చక్రం 40 యూనిట్లకు కుదించుకుపోయి, రెండు బుడిపెల వెడల్పున్న ఇటుక పక్కన దానికి సరిసమానంగా నిలబడింది. దాన్ని సరిదిద్దాక నిలువు అక్షం సంగతి బయటపడింది. ఎల్‌డ్రాలో వై విలువ పెరిగేకొద్దీ కిందికి పోతాము కాబట్టి, ఆ అక్షాన్ని పైకి లెక్కించే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన బొమ్మ తలకిందులవుతుంది. చక్రానికి తలా కాలూ లేవు గనుక నేను దీన్ని ఆలస్యంగా గమనించాను. చక్రాన్ని తిప్పే కడ్డీని బిగించే చిన్న రంధ్రం పైన ఉండవలసింది కింద కనబడితే తప్ప తెలియలేదు.

ఇక అసలు పని అతుకుల దగ్గర, అంటే ఒక ముక్క ఇంకొకదానికి తగులుకునే చోట్ల దగ్గర, మొదలవుతుంది. ఎల్‌డ్రా ఫైలులో బుడిపె ఉన్న చోట ఇలాంటి వరుస కనిపిస్తుంది: «1 16 0 0 0 1 0 0 0 1 0 0 0 1 స్టడ్.డాట్». మొదటి 1 వేరే ఫైలును పిలుస్తున్నామని, 16 ముక్కకు మనం ఎంచుకునే రంగునే వాడమని చెబుతాయి. తర్వాతి మూడు అంకెలు స్థానం, ఆపై తొమ్మిది తిరుగుడును, పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. అంటే ఈ పద్ధతిలో బుడిపెను పేరు పెట్టి పిలుస్తారు. ప్రింటింగ్ కోసం గీసిన మెష్‌లో అలాంటి పేర్లేవీ ఉండవు. ఇరుసు దూరే రంధ్రమైనా అలంకారం కోసం తొలిచిన గుంతైనా దానికి కొన్ని త్రికోణాలే. కనుక ఏది ఇరుసు రంధ్రమో, ఏది పిన్ను రంధ్రమో పార్ట్ డిజైనర్‌లో మనమే ఒక్కొక్కటిగా చూపించాలి. చక్రం నడుమ ఇరుసుకు ఒక అతుకు పెట్టాను, అక్కడి నుంచి 20 యూనిట్ల దూరంలో పిన్నుకు ఇంకొకటి పెట్టాను. రెండవదాన్ని కాస్త బయటికి జరిపి పెట్టినందువల్ల కడ్డీ చక్రానికి ఆనకుండా గాలిలో నిలబడింది. ఎదురుగా చూస్తే ఈ తేడా కనిపించనే కనిపించదు, బొమ్మను పక్కకు తిప్పాలి. ఆకారాన్నీ అతుకునూ విడివిడిగా సవరించుకోగల ఏర్పాటు ఉన్నందువల్ల ఆ ఒక్క బిందువును లోపలికి జరిపి బయటపడ్డాను. ఈ సాధనంలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ముక్కలు ఒకదానిలోకి ఒకటి చొరబడకుండా చూసే హద్దులు వేరుగా ఇవ్వాలి. గుండ్రని చక్రం చుట్టూ ఒకే చదరపు పెట్టె గీస్తే, ఖాళీగా ఉన్న మూలల్లో కూడా వేరే ముక్క పట్టదు; బ్రేకు కట్టె పెట్టబోతే వచ్చిన ఆటంకం అదే. నాలుగైదు చిన్న పెట్టెలుగా విడదీస్తే సరిపోయింది.

ప్రింటింగ్ మెష్‌ను నేరుగా తెచ్చుకోవడాన్ని మాత్రం నేను మెచ్చుకోలేను. నా చక్రంలో దాదాపు 30,000 త్రికోణాలు ఉన్నాయి. ఎనిమిది చక్రాలు పెడితే లెక్క ఎక్కడికి పోతుందో వేరే చెప్పనక్కర లేదు. పైగా అలాంటి మెష్‌లో అంచు గీతలు ఉండవు. ఎల్‌డ్రా ముక్కల్లో అంచులను 24వ రంగుతో విడిగా గీస్తారు, నిర్మాణ సూచనల పుటల్లో ముక్క రూపురేఖ స్పష్టంగా తెలియడం వాటి పుణ్యమే. అవి లేని చక్రం పుట మీద నల్లటి ముద్దగా మిగిలింది. చివరికి విసిగి, చక్రాన్ని ఎల్‌డ్రా ప్రాథమిక ఆకారాలతోనే మళ్ళీ కూర్చాను. వాటిలో వృత్తానికి మామూలుగా 16 భుజాలు, మరింత నునుపు కావాలంటే 48 భుజాలు ఉంటాయి. నేను రెండవదే వాడాను. శ్రమ ఒక సాయంత్రానిది, ఫైలు మాత్రం చేత్తో చదవగలిగినంత చిన్నదైంది. రంగుల చోట 16 వేయడం వల్ల స్టూడియోలో ఎరుపు ఎంచుకుంటే ఎర్రగానే కనిపిస్తున్నది. మొదటిసారి మార్చినప్పుడు నలుపుకు చెందిన 0 రాసి, ఎన్ని రంగులు నొక్కినా చక్రం మారడం లేదేమని అరగంట వెతికాను.

ఎల్‌డ్రా ఫైళ్ళను నేరుగా వాడే ఎల్‌డీక్యాడ్, లియోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఇదే చక్రాన్ని నమూనా ఉన్న ఎంపీడీ ఫైలులోనే (పలు ఫైళ్ళను ఒకటిగా కలిపి ఉంచే ఫైలు) పొదిగి పంపవచ్చు, అందుకున్నవారు విడిగా ఏమీ చేర్చుకోనక్కర లేదు. కోడ్ రాయడానికి జంకని వారికి ఆ దారి హాయిగా ఉంటుంది. అతుకును కంటితో చూస్తూ, చేత్తో జరుపుతూ పెట్టాలనుకునే వారికి పార్ట్ డిజైనర్‌నే సూచిస్తాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. సొంత ముక్కకు బ్రిక్‌లింక్ జాబితాలో సంఖ్య ఉండదు కాబట్టి, కొనవలసిన ముక్కల పట్టిక తీసేటప్పుడు దాన్ని విడిగా రాసి పెట్టుకోవాలి. నా ఇంజను పట్టిక చివర ఎనిమిది చక్రాలు ఇప్పటికీ చేతిరాతలోనే ఉన్నాయి.