చట్రంలోని చిత్రమా, నేల మీది నిర్మాణమా?

గోదావరి డెల్టాలో దృశ్యకళను వృత్తిగా ఎంచుకునే విద్యార్థి ఎదుట రెండు దారులున్నాయి: పాత పద్ధతులను వదిలి కొత్త రూపాలు వెతికిన ఆధునికవాదం సానపట్టిన కాన్వాసు చిత్రం ఒకటి, సమకాలీన కళ ఆదరించే, ఒక స్థలానికే చెందిన నిర్మాణం మరొకటి.

మొదటిదానికి ఇక్కడ వేళ్లున్నాయి. రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి సర్ జె.జె. చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొంది, ఆ రూపజ్ఞానాన్ని మన మనుషులకూ పరిసరాలకూ అన్వయించారు; ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో ఆ కృషిని నేటికీ చూడవచ్చు. ఐరోపా ఆధునికవాదం మరింత దూరం వెళ్లింది. 1907లో పికాసో స్త్రీ రూపాలను కోణాలుగా విరిచాడు; 1960లో అమెరికన్ కళా విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ చిత్రకళ ప్రత్యేకత దాని బల్లపరుపుతనంలోనే, అంటే లోతు ఉన్నట్టు భ్రమ కల్పించని చదునులోనే ఉందని వాదించాడు. ఆ అర్థంలో రామారావును ఆధునికవాది అనడం మాత్రం తొందరపాటే.

రెండవ దారికి 1917లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాంప్ ప్రదర్శనకు పంపిన మూత్రపాత్ర ఒక మూలం: వస్తువును చేయడం కాదు, ఎంచుకోవడమే కళ అయింది. 1970లో కళాకారుడు రాబర్ట్ స్మిత్‌సన్ అమెరికాలోని గ్రేట్ సాల్ట్ సరస్సులో నల్లరాళ్లతో, మట్టితో సుమారు 460 మీటర్ల సుడి ఆకారపు గట్టు వేయించాడు. నీరు పెరిగి కొన్నేళ్లకే అది మునిగిపోయింది, దశాబ్దాల తరువాత మళ్లీ తేలింది. వరదకు లంకలు కోతపడి, వేరొకచోట మేటలు వేసే కోనసీమలో ఇటువంటి కళకు ముడిసరుకు అపారం. కొనేవారు మాత్రం అరుదు, చివరికి మిగిలేది తరచుగా ఛాయాచిత్రమే. కాన్వాసును అమ్ముకోవచ్చు, తీరప్రాంతపు తేమకు బూజు పట్టకుండా కాపాడగలిగితే.

గీత స్థిరపడేవరకు చట్రంలోనే సాధన చేసి, ఆపైన లంకల వైపు వెళ్లడం మేలని నా అభిప్రాయం.